వరి మడి చేపా, ప్రయోగశాల చేపా? జీబ్రాచేపపై పాఠకుల ప్రశ్నలు

గుండెలో ఐదో వంతు కోసివేసినా రెండు నెలల్లో ఆ భాగాన్ని తిరిగి పెంచుకోగల చిన్న చేప గురించి గత సంచికలో ఒక చిన్న వార్త వేశాము. ఆ చేప పేరు జీబ్రాచేప. ప్రయోగశాల సంగతి సరే, అసలు ఆ చేప ఎక్కడిది, బయట ఎలా బతుకుతుంది అని అడుగుతూ వచ్చిన ఉత్తరాలలో కొన్నింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: జీబ్రాచేప అన్న పేరు వింటే ఏ ఆఫ్రికాదో అయి ఉంటుందనిపిస్తుంది. మా తరగతి పిల్లలు అడిగితే గట్టిగా చెప్పలేకపోయాను. ఇది ఏ దేశపు చేప? మన గోదావరి కాలువల్లో ఉంటుందా? ఉంటే ఎలా గుర్తుపట్టాలి?
— ఒక ఉపాధ్యాయురాలు, అమలాపురం

జవాబు: ఇది అచ్చంగా మన ఉపఖండపు చేప. గంగా, బ్రహ్మపుత్ర నదుల పరీవాహక ప్రాంతాలు, అంటే ఈశాన్య భారతం, బెంగాల్, బంగ్లాదేశ్, నేపాల్‌లోని పల్లపు నేలలు దీనికి పుట్టిల్లు. దీన్ని మొదట శాస్త్రీయంగా వర్ణించినవాడు ఈస్టిండియా కంపెనీలో వైద్యుడిగా పనిచేసిన ఫ్రాన్సిస్ బుకానన్. ఆయనే తర్వాతి కాలంలో హామిల్టన్ అన్న ఇంటిపేరు పెట్టుకున్నాడు. కంపెనీ ఆజ్ఞ మీద 1807 నుంచి 1814 వరకు బెంగాల్ జిల్లాలను సర్వే చేస్తూ, పంటలు, కులవృత్తులు, గుడులు, సంతలు అన్నిటితో పాటు జాలరుల వలల్లో పడిన చేపలను కూడా ఆయన ఓపికగా రాసుకున్నాడు. ఉద్యోగం ముగించుకుని స్వదేశానికి వెళ్లేటప్పుడు చేపల బొమ్మలను వెంట తీసుకుపోనివ్వకుండా కలకత్తాలోనే ఉంచేసుకున్నారు. అయినా 1822లో ఎడిన్‌బరోలో గంగానది చేపల మీద ఆయన గ్రంథం వెలువడింది. కోసీ నదిలో దొరికిన ఈ చారల చేపకు అందులో సిప్రినస్ రెరియో అన్న పేరు పెట్టాడు. ఆ తర్వాత చాలాకాలం బ్రాకిడానియో రెరియోగా చలామణీ అయి, ఇప్పుడు డానియో రెరియోగా స్థిరపడింది. మనం పళ్లెంలో చూసే బొచ్చె, శీలావతి చేపలకు ఇది దూరపు చుట్టమే. నాలుగు సెంటీమీటర్లు దాటడమే కష్టం కాబట్టి మన జాలరుల లెక్కలో ఇది పిత్తపరిగె కిందే జమ.

ఇక గోదావరి సంగతి. గంగా, బ్రహ్మపుత్రలకు వెలుపల మహానది, గోదావరి, పెన్నా, కావేరి, సింధు నదుల పరీవాహకాలలో కూడా పూర్వం దీని నమూనాలను సేకరించారు. కృష్ణా పరీవాహకంలో ఉన్నట్టు కూడా రాసినవారున్నారు గాని, సీసాలో భద్రపరిచిన నమూనా చూపించి ఆ మాటను నిరూపించినట్టు లేదు. కాబట్టి మీ ప్రాంతంలో దొరకడం అసంభవం కాదు, కానీ బోదెలో చార ఉన్న చేపపిల్ల కనబడగానే జీబ్రాచేప అని నిర్ణయించడం తొందరపాటు అవుతుంది. మన కాలువల్లో, చెరువుల్లో విరివిగా కనిపించే రాస్బోరా చేపకు ఒంటి పక్కన ముక్కు నుంచి తోక దాకా ఒకే ఒక్క నల్లని చార ఉంటుంది. నీటి పైపొరలో తిరిగే ఈసోమస్ చేపకు మీసాలు చాలా పొడవు, అవి ఒంటి సగం దాకా వేలాడుతూ ఉంటాయి. కొండవాగుల్లో ఉండే డెవేరియో చేపలకు నీలం, పసుపు గీతలు ఉంటాయి గాని అవి జీబ్రాచేపకన్నా పెద్దవి, వెడల్పు ఒళ్లు కలవి.

పిల్లలకు చూపించదలిస్తే వలలో పడినదాన్ని నీటితో నిండిన గాజుసీసాలో వేసి పక్క నుంచి చూడండి. మొప్పల మూత వెనక నుంచి మొదలై తోక వాజం చివరి దాకా సాగే ముదురు నీలి చారలు ఐదు నుంచి ఏడు ఉండాలి. తోక దగ్గర ఆగిపోకుండా వాజం మీదికి కూడా పాకడం ముఖ్యమైన గుర్తు. పొట్ట కింద వెనకగా ఉండే వాజం మీద కూడా చారలుంటాయి. నోరు పైకి తిరిగి, కింది దవడ కొద్దిగా ముందుకు పొడుచుకుని వచ్చి ఉంటుంది. రెండు జతల పొట్టి మీసాలుంటాయి. చేప ఒంటి పక్కన నీటి కదలికను పసిగట్టే పార్శ్వరేఖ ఇందులో తోకదాకా పోదు, పొట్ట వాజాల మొదలు దగ్గరే ఆగిపోతుంది. ఈ చివరి గుర్తుకు భూతద్దం కావాలి. చారల లెక్క, పార్శ్వరేఖ రెండూ కలిస్తేనే పేరు చెప్పండి.

ప్రశ్న: మా ఇంట్లో గాజు తొట్టెలో ఈ చేపలను పెంచుతున్నాను. రాత్రి పొట్ట నిండుగా ఉన్న ఆడచేప మర్నాడు పొద్దెక్కేసరికి సన్నగా అయిపోయి కనిపిస్తుంది. అడుగున ఎంత వెదికినా గుడ్డు మాత్రం ఒక్కటీ దొరకదు. ఇవి గుడ్లు పెడుతున్నట్టా, లేనట్టా? ప్రకృతిలో ఇవి ఏ కాలంలో గుడ్లు పెడతాయి, ఎన్నాళ్లు బతుకుతాయి?
— ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: పెడుతున్నాయి, మీరు నిద్ర లేచేలోగా వాటినే తినేస్తున్నాయి కూడా. ఈ జాతికి పిల్లల మీద మమకారం అన్నది లేదు. గూడు కట్టదు, కాపలా కాయదు, పెట్టిన గుడ్డు ఎదురుగా కనిపిస్తే మేతగానే చూస్తుంది.

గుడ్లు పెట్టే వేళ తెల్లవారుజాము. తొలి వెలుగు పడిన నిమిషాల్లోనే సందడి మొదలవుతుంది. సన్నగా, పొట్ట వైపు పసుపు ఛాయతో ఉండే మగచేప, వెండి రంగులో గుండ్రటి పొట్టతో ఉన్న ఆడచేపను వెంబడించి, దాని పక్కను ముక్కుతో పొడుస్తూ, ముందుకు అడ్డం వస్తూ, చివరికి ఒంటికి ఒళ్లు ఆనించి వణికినట్టు కదులుతుంది. ఆ క్షణంలో ఆడచేప ఐదు నుంచి ఇరవై దాకా గుడ్లు వదులుతుంది, మగచేప వాటి మీద బీజం వదులుతుంది. ఇదే తంతు గంటసేపు మళ్లీ మళ్లీ సాగితే మొత్తం కొన్ని వందల గుడ్లు పడతాయి. గుడ్లకు జిగురు ఉండదు. అవి దేనికీ అంటుకోకుండా అడుగుకు జారిపోతాయి. సుమారు 0.7 మిల్లీమీటర్ల వ్యాసంతో, గసగసాల గింజంత ఉండి, పైగా గాజులా పారదర్శకంగా ఉంటాయి కాబట్టి మీ కంటికి ఆనకపోవడంలో వింత లేదు. ఇంకొక విషయం: మగచేప నీటిలోకి వదిలే వాసన అందితేనే ఆడచేపలో గుడ్లు విడుదలకు సిద్ధమవుతాయి. అందుచేత ఆడ, మగ చేపలను ముందురోజు సాయంత్రమే ఒకచోట చేర్చడం మంచిది.

మీకు పిల్లలు కావాలంటే తొట్టె అడుగున రెండు వరుసల గోళీలు పరచండి. గుడ్లు సందుల్లోకి జారిపోయి పెద్ద చేపల నోటికి అందవు. గుడ్లు పెట్టిన వెంటనే పెద్దవాటిని వేరే తొట్టెకు మార్చండి. తొట్టెను ఒక వైపుకు కొద్దిగా ఎత్తి పెట్టి, ఒక చివర నీరు బాగా పలచగా ఉండేలా చూస్తే ఇంకా ఎక్కువ గుడ్లు పెడతాయని ప్రయోగశాలల్లో పెంచేవారు గమనించారు. ఈ చిట్కా వెనక చేప స్వభావమే ఉంది. ప్రకృతిలో ఇది లోతు నీటిలో గుడ్లు పెట్టదు. వాన నీరు పొర్లి కొత్తగా మునిగిన పలచని అంచుల్ని వెదుక్కుంటూ పోతుంది.

గుడ్డు పడిన తర్వాత జరిగేది చాలా వేగంగా జరుగుతుంది. నీరు 28.5 డిగ్రీల వెచ్చదనంతో ఉంటే ముప్పావు గంటకు మొదటి కణం రెండుగా చీలుతుంది, ఆ తర్వాత తొలి దశలో సుమారు పావుగంటకు ఒకసారి కణాల సంఖ్య రెట్టింపవుతుంది. ఒక్కరోజు గడిచేసరికి లోపల తల, తోక, కళ్లు ఏర్పడి, గుండె కొట్టుకోవడం మామూలు భూతద్దంలోనే కనబడుతుంది. రెండు, మూడు రోజులలో పిల్ల పొరను చీల్చుకుని బయటికి వస్తుంది. చేపపిల్లకు ఈత నేర్పాలా అంటారు గాని, ఈ పిల్లకు మొదట సరిగా ఈదడం రాదు. తల మీద ఉండే కణాలు స్రవించే జిగురుతో ఏ ఆకుకో, పుల్లకో అంటుకుని వేలాడుతుంది. కొంచెం కొంచెంగా పైకి జరుగుతూ నీటి ఉపరితలానికి చేరి ఒక గుక్క గాలి మింగి గాలితిత్తిని నింపుకుంటుంది. అప్పటి నుంచే అది నీటిలో తేలికగా నిలబడగలదు. ఐదో రోజుకు పచ్చసొన అయిపోయి సొంతంగా మేత పట్టడం మొదలుపెడుతుంది. ఈ దశలో మీరు పొడి మేతకన్నా పచ్చనీటిలోని సూక్ష్మజీవులను అందిస్తే ఎక్కువ పిల్లలు దక్కుతాయి. మంచి మేత, వెచ్చని నీరు ఉంటే మూడు నెలలకు అవి మళ్లీ గుడ్లు పెట్టే వయసుకు వస్తాయి.

ఇక ప్రకృతిలో కాలం గురించి అడిగారు. బంగ్లాదేశ్‌లో, ఈశాన్య భారతంలో వరి మళ్లు, కుంటలు, కాలువలలో ఈ చేపను వెదికి చూసినవారు చెప్పిన దాన్నిబట్టి, దీని సంవత్సరం నైరుతి వానల చుట్టూ తిరుగుతుంది. ఎండాకాలంలో కాలువల్లో, మడుగుల్లో మిగిలిన నీటిని పట్టుకుని ఉన్న చేపలు వానలు అందుకోవడానికి కొద్దిగా ముందే గుడ్లకు సిద్ధమవుతాయి. నీరు గట్లు దాటి పొలాల్లోకి పాకినప్పుడు చేపలూ దానితో పాకుతాయి. కొత్త నీటిలో పుట్టిన పిల్లలకు అప్పుడే పురుగులు, ప్లవకాలు (నీటిలో తేలే సూక్ష్మ ప్రాణులు) పుష్కలంగా అందుతాయి కాబట్టి, వాటి పెరుగుదల కూడా వానల నెలల్లోనే అన్నిటికన్నా వేగంగా ఉంటుంది. నీరు తీసేవేళకు ఎదిగిన చేపలు మళ్లీ శాశ్వత జలాలకు చేరతాయి. నిరుటి చేపలు, ఈ ఏడాది పుట్టిన చేపలు కలిసి కనిపించే రోజులు కొద్దిగానే ఉంటాయి. అంటే బయట ఇది దాదాపు ఒక్క ఏడాది చేప. మేత ఉన్నచోట ఇతర కాలాల్లో కూడా గుడ్లున్న ఆడచేపలు కనబడతాయన్నది నిజమే గాని, సంతానంలో పెద్ద భాగం వానలదే. కొంగా, మట్టగిడసా లేని మీ తొట్టెలో మాత్రం ఇది హాయిగా మూడున్నరేళ్లు ఉంటుంది. కొన్ని ఐదేళ్లు దాటినవి కూడా ఉన్నాయి.

చలి, వేడి తట్టుకోవడంలో కూడా ఇది గట్టిది. పుట్టిన ప్రాంతాల్లో శీతాకాలంలో నీరు 6 డిగ్రీలకు దిగుతుంది, ఎండాకాలంలో 38 డిగ్రీలు దాటుతుంది. రెండింటినీ ఇదే చేప చూస్తుంది. అందుకని మీ తొట్టెలో హీటరు లేకపోయినా బతుకుతుంది. గుడ్లు కావాలనుకున్నప్పుడు మాత్రం నీరు 26 నుంచి 28 డిగ్రీల మధ్య ఉండేలా చూసుకోండి.

ప్రశ్న: పొలంలో ఈ చేప ఏం తింటుంది? దోమపిల్లలను తింటుందంటారు, నిజమేనా? దీన్ని తినేవి ఏవి?
— ఒక రైతు, తాడేపల్లిగూడెం

జవాబు: నీటిలో తేలే సూక్ష్మ ప్రాణులు, పురుగులు దీని ముఖ్యమైన ఆహారం. పొట్ట కోసి చూసిన చేపల్లో నీటి ఈగలు, దోమజాతి పురుగుల పిల్లలు, నాచు, బురదలోని కుళ్లు పదార్థం, నీటి మీద పడిన చీమలు కూడా కనిపించాయి. నోరు పైకి తిరిగి ఉన్నా ఇది పైపైనే తిరిగే చేప కాదు, మడిలోని నీటి పొరలన్నింటిలోనూ మేత ఏరుకుంటుంది. దీనికి దవడల్లో పళ్లుండవు, గొంతులో ఉంటాయి. జీర్ణాశయం అంటూ వేరే సంచీ కూడా లేదు, తిన్నది నేరుగా పేగులోకే పోతుంది. అందుకే ఒకేసారి మెక్కడం దీనికి కుదరదు, పగలంతా కొద్దికొద్దిగా తింటూనే ఉంటుంది.

దీన్ని తినేవాటి జాబితా మీకు బాగా పరిచయమైనదే: మట్టగిడసలు, జెల్లలు, బొమ్మిడాయిలు, సూది మూతి చేపలు, గట్టు మీద గుడ్డికొంగ, తీగ మీద లకుముకి పిట్ట. ఇన్నింటి మధ్య దీనికున్న రక్షణ గుంపు. నిలకడ నీటిలో నాలుగు నుంచి పన్నెండు దాకా కలిసి తిరిగే చేపలు, వేగంగా పారే ఏరుల్లో మూడు వందలకు మించిన గుంపులు కట్టడం ఈశాన్య రాష్ట్రాల్లో గమనించారు. ఇంకొక రక్షణ వాసన. గుంపులో ఒకదాన్ని కొంగ పొడిచి చర్మం చిరిగితే, ఆ చర్మంలోంచి ఒక పదార్థం నీటిలో కలుస్తుంది. దాని వాసన తగలగానే మిగతావి ఒక్కసారి చెదిరి, దగ్గరగా చేరి, అడుగుకు దిగి కదలకుండా ఉండిపోతాయి. ఈ సంగతిని 1938లో ఆస్ట్రియా శాస్త్రవేత్త కార్ల్ ఫాన్ ఫ్రిష్ యూరప్‌కు చెందిన మరో చిన్న చేపలో బయటపెట్టాడు. తేనెటీగల నృత్యాన్ని చదివిన మనిషిగానే మనకు తెలిసిన ఆయన, చేపలకు చెవుడు లేదని నిరూపించడానికి కూడా చాలా ఏళ్లు వెచ్చించాడు. జీబ్రాచేపకు గాలితిత్తి నుంచి లోపలి చెవికి కంపనాలు మోసే చిన్న ఎముకల వరుస ఉంది. మన బొచ్చెకు, జెల్లకు కూడా ఉంది.

దోమల మాట: దొరికితే తింటుంది. కానీ దాన్ని తెచ్చి నూతిలో వదిలితే దోమలు పోతాయని ఎవరైనా చెబితే నమ్మకండి. మేత మీద దాని ఇష్టం దోమలకే పరిమితం కాదు.

ప్రశ్న: ఒంటి మీద చారలు అంత తిన్నగా ఎలా ఏర్పడతాయి? మా ఊరి దుకాణంలో చుక్కలున్న రకం కూడా ఉంది. అది వేరే జాతా?
— ఒక ఇంటర్ విద్యార్థి, కర్నూలు

జవాబు: పుట్టిన పిల్లకు ఈ చారలుండవు, రెండు మూడు వారాల వయసు దాటిన తర్వాత క్రమంగా కూడుకుంటాయి. చర్మంలో మూడు రకాల రంగుకణాలున్నాయి: నల్లనివి, పసుపువి, వెలుతురును తిప్పికొట్టి మెరిసేవి. ముదురు చారలో నల్ల కణాలు ఎక్కువ, మధ్య బంగారు పట్టెలో పసుపు కణాలు, మెరుపు కణాలు ఎక్కువ. ఒక రకం కణాలు దగ్గరలో ఉన్న మరో రకాన్ని తోసేస్తాయి, దూరంగా ఉన్నదాన్ని బతికిస్తాయి. గీత ఇక్కడ గీయమని ఎవరూ చెప్పకపోయినా ఈ తోపులాటలోంచే గీతలు తేలతాయి. కంప్యూటర్ శాస్త్రానికి పునాదులు వేసిన అలన్ ట్యూరింగ్ ఇలాంటి లెక్కను 1952లోనే కాగితం మీద చూపించాడు. లేజరుతో చారలో కొంత భాగం తుడిచేస్తే ఆ ఖాళీని కణాలు మళ్లీ ఎలా నింపుకుంటాయో చూసి, ఆ లెక్క ఈ చేపకు చాలావరకు వర్తిస్తుందని తర్వాతి పరిశోధకులు తేల్చారు.

చుక్కల రకం వేరే జాతి కాదు. 1963లో దాన్ని కొత్త జాతిగా భావించి పేరు కూడా పెట్టారు. రంగుకణాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే దారిని తయారుచేసే ఒకే జన్యువులో మార్పు వల్ల చారలు తెగి చుక్కలయ్యాయని తర్వాత తెలిసింది. చుక్కలదాన్ని, చారలదాన్ని కలిపి పెంచితే మామూలుగానే పిల్లలు పుడతాయి.

ప్రశ్న: ఎన్నో చేపలుండగా శాస్త్రవేత్తలు దీన్నే ఎందుకు ఎంచుకున్నారు? మన దగ్గర కూడా దీని మీద పని జరుగుతోందా?
— ఒక పాఠకురాలు, సికింద్రాబాద్

జవాబు: అమెరికాలోని ఆరెగాన్ విశ్వవిద్యాలయంలో జార్జ్ స్ట్రైసింగర్ అనే శాస్త్రవేత్త 1960ల చివర్లో దీన్ని పెంచడం మొదలుపెట్టాడు. ఆయనకు ఆ చేపలు గంగా తీరం నుంచి రాలేదు, పెంపుడు చేపల దుకాణం నుంచి వచ్చాయి. అప్పటికే ఇది ఐరోపా, అమెరికాల ఇళ్లలో గాజు తొట్టెల చేపగా దశాబ్దాలుగా ఉంది. ఆయన 1981లో నేచర్ పత్రికలో ప్రచురించిన పరిశోధనతో ఈ చేప ప్రయోగశాలల దృష్టిలో పడింది. 1996 డిసెంబరులో డెవలప్‌మెంట్ పత్రిక తన సంచిక మొత్తాన్ని ఈ చేప జన్యుమార్పుల పరిశోధనకే కేటాయించింది. 2002లో గుండె తిరిగి పెరగడం బయటపడింది. 2013లో దీని జన్యుపటం పూర్తిగా వెలువడినప్పుడు, మనుషుల జన్యువుల్లో సుమారు 70 శాతానికి ఇందులో జోడీ ఉన్నట్టు తేలింది.

పాఠ్యపుస్తకాలు దీని గుణాలను వరసగా చెబుతాయి: గుడ్డు తల్లి కడుపులో కాక బయట పెరుగుతుంది, పారదర్శకంగా ఉంటుంది, రోజులలో పిల్లవుతుంది, ఉదయం దీపం వేయగానే గుడ్లు పెడుతుంది, ఇరుకైన తొట్టెలో కూడా బతుకుతుంది, మూడు నెలలకు తరం మారుతుంది. ఇవన్నీ శాస్త్రవేత్తల సౌకర్యం కోసం పుట్టిన గుణాలు కావు. నీరు ఎప్పుడు తీస్తుందో తెలియని పలచని మడిలో, తల్లిదండ్రుల కాపలా లేకుండా, వానలున్న నాలుగు నెలల్లోనే పుట్టి పెరిగి తీరవలసిన చేపకు ఉండవలసిన గుణాలు. రోజుకు రోజు వేడెక్కి చల్లబడే నీటికి అలవాటు పడింది కాబట్టే ప్రయోగశాల నీటికి తేలికగా ఒదిగింది. ఈ విషయాన్ని పక్కనపెట్టి ఈ చేపను కేవలం ఒక పనిముట్టుగా చూడడం నాకు సబబుగా తోచదు. పైగా అందులో శాస్త్రపరమైన చిక్కు కూడా ఉంది. ప్రయోగశాలల్లో తరతరాలుగా పెరిగిన రకాలలో ఆడ, మగ తేడాను నిర్ణయించే క్రోమోజోము ఏదో పట్టుకోలేక పరిశోధకులు చాలాకాలం తలలు పట్టుకున్నారు. నీరు, వేడి, తొట్టెలో రద్దీ వంటివే ఆ తేడాను నిర్ణయిస్తున్నట్టు కనిపించేది. ప్రకృతి నుంచి పట్టిన చేపలను పరిశీలించాక 2014లో తెలిసిందేమంటే, వాటిలో నాలుగో క్రోమోజోము చివరన ఆ ఏర్పాటు చక్కగా ఉంది. పెంపకంలో పెరిగిన రకాలే దాన్ని పోగొట్టుకున్నాయి.

మన దేశం విషయానికి వస్తే, ఢిల్లీలోని జీనోమిక్స్, సమగ్ర జీవశాస్త్ర సంస్థ శాస్త్రవేత్తలు దుకాణపు రకాన్ని కాక అస్సాం నుంచి తెచ్చిన సహజ చేపల సంతతిని పెంచి, దాని జన్యుక్రమాన్ని 2009లో ప్రకటించారు. పుట్టింటి చేపను పుట్టింటివారే చదవడం వల్ల కలిగే లాభం ఇలాంటి చోట్లే కనిపిస్తుంది. మీకు దగ్గరలోనే, హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం (సీసీఎంబీ)లో కూడా ఈ చేపల మీద పరిశోధనలు జరుగుతున్నాయి.

ప్రశ్న: చీకట్లో ఎర్రగా, పచ్చగా వెలిగే జీబ్రాచేపలను ఒక దుకాణంలో చూశాను. వాటికి రంగు ఎక్కిస్తారా? కొని తెచ్చాక పెంచలేకపోతే ఊరి చెరువులో వదలవచ్చా?
— ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: వెలిగే జీబ్రాచేపలకు రంగు పూయరు, సూదితో ఎక్కించరు. జెల్లీచేపల్లో, పగడపు జీవుల్లో వెలుగునిచ్చే ప్రోటీన్‌కు కారణమైన జన్యువును గుడ్డు దశలోనే ఈ చేపలో చేరుస్తారు. సింగపూర్ జాతీయ విశ్వవిద్యాలయంలో 1999లో, నీటిలోని కాలుష్యాన్ని పసిగట్టే చేపను తయారుచేయాలన్న ఉద్దేశంతో ఇది మొదలైంది. 2003 చివరికి అమెరికాలో అలంకార చేపగా అమ్మకానికి దారి పడింది. ఆ జన్యువు పిల్లలకు కూడా సంక్రమిస్తుంది. మన దేశంలో జన్యుమార్పిడి జీవులను అనుమతి లేకుండా దిగుమతి చేయడం, పెంచడం, అమ్మడం 1989 నాటి నియమాల ప్రకారం నిషిద్ధం. దుకాణదారుకు ఆ సంగతి తెలియకపోవచ్చు, మీకు ఇప్పుడు తెలిసింది కాబట్టి కొనకండి.

వదలడం గురించి నా జవాబు స్పష్టంగా వద్దనే. వెలిగే చేపలు వేటాడేవాటి కంట తేలికగా పడతాయి కాబట్టి బయట నిలవవని మొదట వాదించేవారు. అమెరికాలో పెద్ద తొట్టెల్లో మామూలు చేపలతో కలిపి పెంచి చూసినప్పుడు, మామూలు మగచేపలు ఆడవాటి కోసం జరిగే పోటీలో ఎర్రవాటిని తరిమి గెలిచాయి. పదిహేను తరాలకు ఆ జన్యువు దాదాపు కనుమరుగైంది. ఆ వాదన వినడానికి బాగానే ఉంది గాని, 2022లో వెలువడిన ఒక అధ్యయనం బ్రెజిల్‌లోని అట్లాంటిక్ అడవి వాగుల్లో, చేపల పెంపక కేంద్రాల నుంచి తప్పించుకున్న ఎర్ర, పచ్చ జీబ్రాచేపలు బతికి, గుడ్లు పెట్టి, అక్కడి పురుగులను తింటున్నట్టు చూపించింది. అక్కడ వాటిని ఓడించడానికి సొంత జాతి మామూలు చేపలు లేవు. ఇక్కడి పరిస్థితి వేరు. గోదావరి, పెన్నా వంటి చోట్ల సహజ జీబ్రాచేపలు ఉండే అవకాశం ఉంది కాబట్టి, దుకాణపు చేప వాటితో కలిసి పిల్లల్ని కంటే, ఆ సహజ జాతి రక్తంలో ఏం చేరిందో తర్వాత వెనక్కు తీయలేము. ఇది వెలిగే రకానికే కాదు, దుకాణంలో అమ్మే మామూలు చారల రకానికి కూడా వర్తిస్తుంది.

పెంచలేకపోతే తెలిసినవారికి ఇవ్వండి, లేదా కొన్న దుకాణానికే తిరిగి ఇచ్చేయండి. తొట్టె నీరు పారబోసేటప్పుడు కూడా నేరుగా కాలువలోకి కాక మొక్కల పాదులో పోయండి, అందులో కంటికి ఆనని గుడ్లుండవచ్చు.